300 డిస్కుల సీడీ ఛేంజర్: సర్దడం, జాబితా, లోడింగ్ ఇబ్బందిపై సందేహాలు

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. 300 డిస్కులు పట్టే సీడీ ఛేంజర్, అంటే లోపల పెట్టిన డిస్కుల్లో కోరినదాన్ని తానే తీసి వినిపించే యంత్రం, ఒకటి ఈమధ్య నా చేతికి వచ్చింది. కొత్తది కాదు, ఒకరు చాలా ఏళ్ళు వాడి, ఆ తరువాత ప్లగ్ తీసి పక్కన పెట్టినది. శాస్త్రీయ కచేరీలు, పాత పాటల సంకలనాలు, వాద్య సంగీతం కలిపి నా దగ్గర దాదాపు అన్నే సీడీలు ఉన్నాయి కాబట్టి, అన్నింటినీ అందులో పెట్టేసి కూర్చున్న చోటి నుంచే కావలసింది వినవచ్చునని సంబరపడ్డాను. పని మొదలుపెట్టాక మూడు సందేహాలు వచ్చాయి.

మొదటిది, డిస్కులను ఏ వరుసలో సర్దాలి? అకారాది క్రమంలో పెడితే, రేపు ఒక కొత్త సీడీ వచ్చినప్పుడు దాన్ని మధ్యలో ఇరికించడానికి మిగిలినవన్నీ జరపవలసి వస్తుంది. రెండవది, యంత్రంలో డిస్కు పేర్లు రాసుకునే సౌకర్యం ఉంది గాని, రిమోట్‌తో ఒక్కొక్క అక్షరం ఎంచుకుంటూ రాయడం ప్రాణం మీదకు వస్తోంది. అంత శ్రమ పడవలసిన అవసరం ఉందా? మూడవది అసలైన చిక్కు. కొన్నిసార్లు యంత్రం నేను కోరిన గడి (ఒక్కో డిస్కు నిలిచే చోటు) దాకా తిరిగి ఆగుతుంది, లోపల మోటారు గిర్రున తిరిగే చప్పుడు వినిపిస్తుంది, డిస్కు మాత్రం గడిలోంచి కదలదు. కాసేపటికి అక్కడ డిస్కే లేదన్నట్టు చూపించి ఊరుకుంటుంది. లెన్సు పోయిందని ఒకరు, దీన్ని వదిలేసి పాటలన్నీ కంప్యూటరులోకి ఎక్కించుకోమని మరొకరు అంటున్నారు. అనుభవమున్నవారు దారి చూపగలరు.

జవాబు 1

మీ మొదటి రెండు సందేహాలకు జవాబు ఒక్కటే. ఆ యంత్రానికి మీ డిస్కు పేరు తెలియదు, గాయకుడు తెలియడు, రాగం తెలియదు; దానికి తెలిసినదల్లా గడి సంఖ్య మాత్రమే. కాబట్టి వరుసక్రమం యంత్రంలో ఉండనక్కరలేదు, జాబితాలో ఉంటే చాలు. కంప్యూటరులో ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి, మొదటి నిలువు వరుసలో గడి సంఖ్య, ఆ తరువాత డిస్కు పేరు, కళాకారుడు, సంగీత రకం రాసుకోండి. అకారాదిగా కావాలంటే ఆ జాబితానే అకారాదిగా మార్చుకోవచ్చు, కళాకారుల వారీగా కావాలంటే అలా మార్చుకోవచ్చు, డిస్కులు మాత్రం ఉన్నచోటనే ఉంటాయి. గడి సంఖ్య ఒకసారి ఇచ్చాక దాన్ని మార్చకూడదన్న ఒక్క నియమం పాటిస్తే మిగిలినదంతా సులువవుతుంది.

అయినా పూర్తిగా అడ్డదిడ్డంగా పెట్టమని నేను చెప్పను. యాదృచ్ఛికంగా పాటలు వినాలనుకున్నప్పుడు కచేరీ మధ్యలోంచి సినిమా పాటలోకి దూకితే చికాకుగా ఉంటుంది గనుక, రకాన్ని బట్టి దఫాలుగా విడగొట్టడం మంచిది. ఉదాహరణకు 1 నుంచి 120 వరకు కచేరీలు, 121 నుంచి 220 వరకు పాటలు, 221 నుంచి 280 వరకు వాద్య సంగీతం అనుకుంటే, ప్రతి దఫా చివర కొన్ని గడులు ఖాళీగా వదలండి. దఫా లోపల మాత్రం వచ్చినవి వచ్చిన వరుసలోనే పెట్టండి. 281 నుంచి 300 దాకా ఉన్నవి ఏ దఫాకూ ఇవ్వకండి. అప్పుడే కొన్నవి, ఎవరి దగ్గరనో తెచ్చుకున్నవి, నచ్చుతాయో లేదో తేలనివి అక్కడ తాత్కాలికంగా ఉండవచ్చు. మీ దగ్గర సీడీలు దాదాపు 300 అంటున్నారు కాబట్టి, ఏడాదికి ఒకసారైనా వినని వాటిని బయటే ఉంచితేనే ఇదంతా సాధ్యపడుతుంది. 300 పడతాయి కదా అని 300 నింపినవారు నెల తిరక్కుండానే ఖాళీ కోసం వెతుక్కుంటారు.

ఒక సంకలనంలో రెండు మూడు డిస్కులుంటే వాటికి పక్కపక్క గడులే ఇవ్వండి. ఒక డిస్కు నుంచి మరొక డిస్కుకు మారడానికి పది పదిహేను సెకన్లు ఎటూ పడుతుంది. దూరం పెరిగితే తిరగవలసినదీ పెరుగుతుంది.

ఖాళీ డబ్బాలను, వాటిలోని చిన్న పుస్తకాలను పారేయకండి. డబ్బా మూలన గడి సంఖ్య రాసి, ఆ సంఖ్యల వరుసలోనే అరలో పేర్చండి. డిస్కు మీద మాత్రం కాగితం ముక్క అంటించవద్దు. తప్పనిసరిగా ఏదైనా రాయాలనుకుంటే నడిమి రంధ్రం చుట్టూ ఉండే పారదర్శకమైన వలయం మీద, సీడీల కోసం అమ్మే మెత్తని మార్కరుతో రాయండి.

ఇక యంత్రంలో పేర్లు రాయడం గురించి. సోనీ సీడీపీ-సీఎక్స్355 వంటి కొన్ని నమూనాలకు ముందు భాగంలో కీబోర్డు తగిలించే సాకెట్ ఉంది. అది పాతకాలపు గుండ్రటి పిన్నుల కీబోర్డు కోసం చేసినది, ఇప్పటి యూఎస్‌బీ కీబోర్డు దానికి నేరుగా పట్టదు. సీడీ-టెక్స్ట్ (డిస్కులోనే నమోదైన పేర్ల సమాచారం) ఉన్న డిస్కుల పేర్లను కొన్ని యంత్రాలు వాటంతట అవే చూపిస్తాయి గాని, ఎక్కువ డిస్కుల్లో ఆ సమాచారం ఉండదు. పైగా చాలాకాలం ప్లగ్ తీసి ఉంచితే యంత్రంలో రాసుకున్నవన్నీ చెరిగిపోయే అవకాశం ఉంది. అందుకే ప్రతి దఫాలోని మొదటి డిస్కుకు మాత్రం ఒక చిన్న పేరు పెట్టి, మిగిలిన శ్రమ జాబితా మీద పెట్టడమే నయమని నా అభిప్రాయం.

జవాబు 2

మూడవ సందేహం గురించి నేను చెబుతాను. లెన్సు మాట ఇప్పుడే ఎత్తనక్కరలేదు. లెన్సుకు పని తగిలేది డిస్కు దాని ముందుకు వచ్చిన తరువాత. మీ విషయంలో డిస్కు అక్కడి దాకా రావడమే లేదు. మోటారు తిరిగే చప్పుడు వినిపిస్తూ డిస్కు కదలకపోవడం బెల్టు జారుతున్నదనడానికి మంచి గుర్తు.

ఈ రకం యంత్రాల్లో డిస్కులు పెద్ద గుండ్రటి పళ్ళెం మీద రంగులరాట్నంలోలాగా నిలువుగా నిలబడి తిరుగుతాయి. కోరిన గడి ఎదురుగా వచ్చాక ఒక చేయి ఆ డిస్కును గడిలోంచి తీసి, చదివే భాగంలోకి నెడుతుంది. పళ్ళేన్ని తిప్పే మోటారు ఒకటి, డిస్కును లోపలికి చేర్చే మోటారు మరొకటి ఉంటాయి. వీటి నుంచి కప్పీలకు శక్తిని అందించేవి సన్నని రబ్బరు బెల్టులు. వాడకుండా పక్కన పెట్టిన యంత్రంలో బెల్టు కప్పీల చుట్టూ ఒకే భంగిమలో ఏళ్ళ తరబడి ఉండిపోయి సాగుతుంది, గట్టిపడుతుంది, దాని లోపలి ముఖం నున్నగా మెరుస్తుంది. అప్పుడు మోటారు కప్పీ తిరుగుతూనే ఉంటుంది, బెల్టు మాత్రం దాని మీద జారిపోతుంది.

ముందుగా డిస్కులన్నీ తీసేయండి, ప్లగ్ పీకండి, ఆ తరువాతే పైమూత విప్పండి. చదివే భాగానికి దగ్గరగా ఉన్న చిన్న బెల్టును వేలితో మెల్లగా నొక్కి చూడండి. మంచి బెల్టు వెంటనే యథాస్థితికి వస్తుంది, చెడినది వదులుగా వేలాడుతుంది. దాన్ని తీసి, రెండు కప్పీల గాడులనూ ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన దూదిపుల్లతో నల్లటి జిడ్డు పోయేదాకా తుడవండి. కొత్త బెల్టు ఎంచుకోవడానికి పాతదాని లోపలి చుట్టుకొలత, మందం కావాలి. పాతది సాగి ఉంటుంది కాబట్టి దానికంటే సుమారు నూటికి 5 వంతులు తక్కువ చుట్టుకొలత ఉన్నది తీసుకోండి. మరీ బిగుతుగా ఉన్నది వేస్తే మోటారు ఇరుసు మీద భారం పడుతుంది. నలుచదరపు అడ్డుకోత ఉన్న బెల్టు స్థానంలో పలకబారిన బెల్టు వేయకూడదు.

మూత తెరిచి ఉండగానే మరో రెండు చూడండి. ఒకటి, ఒకే గడిలో రెండు డిస్కులు దూరి ఉన్నాయేమో పరిశీలించండి. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లే గనుక రెండు కలిసి కూర్చున్నా బయటి నుంచి కనిపించదు, చేయి వాటిని ఎత్తబోయినప్పుడు ఇరుక్కుపోతుంది. అలాంటప్పుడు బలవంతంగా లాగితే ప్లాస్టిక్ చేయి విరుగుతుంది. రెండవది, గడులను లెక్కపెట్టే చిన్న కాంతి సెన్సరు. దాని మీద దుమ్ము చేరితే 57 అడిగితే 58 దగ్గర ఆగడం వంటి వింతలు జరుగుతాయి. దుమ్మును గాలి బల్బుతో ఊదేస్తే చాలు. యంత్రం నడుస్తుండగా మూత తీసి లేజరు కేసి చూడవద్దు. దాని వెలుగు కంటికి దాదాపు కనిపించదు గాని హాని చేయగలదు.

కుంచె ఉన్న లెన్సు శుభ్రపరిచే డిస్కులు దొరుకుతాయి. వాటిని ఛేంజర్లలో వాడవద్దు; ఒక డిస్కు ట్రే ఉన్న ప్లేయరులో సరిపోయిన కుంచె ఇక్కడ చేతికో గడికో తట్టుకునే ప్రమాదముంది.

జవాబు 3

ఇంట్లో రాసుకున్న సీడీలు ఉంటే వాటిని వేరుగా తీసి చూడండి. మీద గుండ్రటి కాగితపు లేబుల్ అంటించినవి ఛేంజర్‌లో అసలు పెట్టకూడదు. ఏళ్ళు గడిచాక జిగురు ఊడి, లేబుల్ అంచు లేచి, పక్క డిస్కుకో చేతికో అంటుకుంటుంది. చిన్న 8 సెంటీమీటర్ల డిస్కులు, గుండ్రంగా లేని వింత ఆకారపు డిస్కులు కూడా పెట్టవద్దు. తిరగరాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూలు పాత యంత్రాలకు కనిపించకపోవడం మామూలే. అచ్చువేసిన సీడీ తన మీద పడిన కాంతిలో 70 శాతానికి పైగా తిప్పి పంపుతుంది, ఇవి 15 నుంచి 25 శాతమే పంపుతాయి. అది యంత్రం లోపం కాదు.

ప్రశ్న అడిగినవారు మళ్ళీ

అందరికీ ధన్యవాదాలు. రెండవ జవాబులో చెప్పినట్టే మూత తీసి చూశాను. చిన్న బెల్టును కప్పీ మీద నుంచి తీయగానే అది గుండ్రంగా నిలవకుండా, కప్పీల మధ్య ఎలా ఉన్నదో అదే కోలగా ఉండిపోయింది. లోపలివైపు నల్లగా గాజులాగా మెరుస్తోంది. కప్పీలు తుడిచి కొత్తది వేశాక డిస్కులన్నీ చక్కగా లోపలికి వెళుతున్నాయి. స్ప్రెడ్‌షీటు కూడా మొదలుపెట్టాను.

ఇప్పుడు మరొకటి గమనించాను. చాలా డిస్కులు మొదటి నుంచి బాగానే మోగుతాయి, చివరి పాటలకు వచ్చేసరికి తడబడుతున్నాయి. డిస్కులు శుభ్రంగానే ఉన్నాయి. మరొక మాట, కంప్యూటరులోకి ఎక్కించుకొమ్మన్న సలహా మీద మీ అభిప్రాయం కూడా చెప్పండి.

జవాబు 2 ఇచ్చినవారు

తడబాటు ఒకటి రెండు డిస్కుల్లోనే ఉంటే డిస్కును అనుమానించాలి. చాలా డిస్కుల్లో ఒకే చోట ఉంటే యంత్రాన్ని అనుమానించాలి. సీడీని లోపలి నుంచి బయటి అంచు వైపు చదువుతారు. మొదటి పాటలు బాగుండి చివరివి తడబడుతున్నాయంటే లెన్సు ప్రయాణించే పట్టా మీద పాత గ్రీజు గట్టిపడి, బయటి అంచు దగ్గర అది సాఫీగా కదలడం లేదని మొదట అనుమానించాలి. పాత గ్రీజు తుడిచేసి, ప్లాస్టిక్‌కు హాని చేయని తేలికపాటి గ్రీజు పట్టాకు, పళ్ళ చక్రాలకు అతి పలుచగా రాయండి. ఎక్కువ రాస్తే దుమ్ము పడుతుంది. వంటకు, కుట్టుమిషనుకు వాడే నూనెలు వేయకండి. ఆ పని అయ్యాక కూడా తడబాటు పోకపోతే అప్పుడు లెన్సును గాలితో ఊది, మెత్తని దూదితో ఒత్తకుండా తుడవవచ్చు.

డిస్కును తుడవవలసి వస్తే మధ్య నుంచి అంచుకు సూటిగా తుడవండి, గుండ్రంగా తుడవకండి. గుండ్రంగా పడిన గీత చదివే దారి వెంటే సాగుతుంది కాబట్టి యంత్రానికి సరిదిద్దుకోవడం కష్టం. లేబుల్ ఉన్న వైపు జాగ్రత్తగా పట్టుకోండి. అద్దంలా మెరిసే పొర ఆ వైపునే పలుచని లక్క కింద ఉంటుంది, అక్కడ లోతుగా గీత పడితే పాలిష్ చేసినా బాగుపడదు.

జవాబు 1 ఇచ్చినవారు

కంప్యూటరులోకి ఎక్కించుకోవడాన్ని ఛేంజర్‌కు పోటీగా చూడనక్కరలేదు. సీడీలో శబ్దం 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ లెక్కన ఉంటుంది, గంట సంగీతానికి సుమారు 635 మెగాబైట్లు. నాణ్యత ఏమాత్రం తగ్గని ఫ్లాక్ రూపంలోకి మారిస్తే అది తరచుగా సగానికి కాస్త అటూ ఇటూ వస్తుంది. గంట చొప్పున 300 డిస్కులంటే అటూ ఇటుగా 100 గిగాబైట్లు. 256 గిగాబైట్ల డ్రైవులో పట్టిపోతుంది, వేరే చోట మరొక నకలు కూడా ఉంచుకోవచ్చు. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి సాఫ్ట్‌వేర్ వాడితే, మీరు చదివించిన దాన్ని ఇతరులు అదే డిస్కు నుంచి తీసిన ఫలితంతో పోల్చి చూపిస్తుంది. మళ్ళీ దొరకని డిస్కులు, ఇంట్లో రాసుకున్నవి ముందుగా ఎక్కించండి. మిగిలినవి తీరిక దొరికినప్పుడు చేసుకోవచ్చు; 300 గంటల సంగీతమంటే ఆపకుండా విన్నా పన్నెండున్నర రోజులు పడుతుంది, తొందరేమీ లేదు.

వినడానికి మాత్రం నేను ఛేంజర్ వైపే మొగ్గుతాను. ఒక గడి సంఖ్య నొక్కితే ఒక డిస్కు మొదటి నుంచి చివరి దాకా మోగుతుంది. ఫోన్ తెరిచిన చేతికి మరో పని తగులుతుంది. వెనుక ఆప్టికల్ అవుట్‌పుట్ (డిజిటల్ సంకేతాన్ని కాంతి రూపంలో పంపే సాకెట్) ఉంటే మంచి డ్యాక్, అంటే డిజిటల్ సంకేతాన్ని యాంప్లిఫయర్‌కు పనికివచ్చే అనలాగ్ సంకేతంగా మార్చే పరికరం, తగిలించుకోండి. మామూలు ఎర్ర, తెల్ల తీగలైతే యాంప్లిఫయర్‌లోని సీడీ లేదా ఆక్స్ ఇన్‌పుట్‌కే కలపాలి, గ్రామఫోన్ కోసం ఇచ్చిన ఫోనో ఇన్‌పుట్‌కు కలిపితే శబ్దం వికృతంగా చీలుతుంది.

యంత్రం వెడల్పు మామూలు యాంప్లిఫయరంతే ఉన్నా లోతు దాదాపు అర మీటరు ఉంటుంది కనుక, అల్మరా కొలత చూసుకున్నాకే స్థలం ఖాయం చేసుకోండి. వేడెక్కే యాంప్లిఫయర్ మీద పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు

పట్టా తుడిచి గ్రీజు రాశాను, చివరి పాటలు ఇప్పుడు సాఫీగా మోగుతున్నాయి. దీన్ని మరో గదిలోకి మార్చాలనుకుంటున్నాను. డిస్కులు లోపల ఉంచి జాగ్రత్తగా ఎత్తితే సరిపోతుందా?

జవాబు 2 ఇచ్చినవారు

సరిపోదు. ఒక్కొక్కటి 16 గ్రాములే అయినా 300 డిస్కులంటే ఐదు కిలోలకు దగ్గర బరువు, యంత్రం కాస్త వంగినా అవి గడుల్లోంచి జారి లోపలి భాగాల్లో పడతాయి. చదివే భాగంలో డిస్కు ఉంటే ముందు దాన్ని గడికి తిరిగి పంపండి, తలుపు తెరిచి పళ్ళేన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ సంఖ్యల వరుసలోనే డిస్కులు తీయండి, ఒక్కొక్కదాన్ని దాని డబ్బాలో పెట్టండి. డబ్బాల మీద సంఖ్యలు ముందే రాసి ఉంచితే తిరిగి సర్దడానికి జాబితా చూడవలసిన పని కూడా ఉండదు. తిరిగి పెట్టేటప్పుడు లేబుల్ ఏ వైపుకు ఉండాలో తలుపు దగ్గర గుర్తు ఉంటుంది. తిరగేసి పెట్టిన డిస్కును యంత్రం చదవలేక దాటిపోతుంది. కొన్ని నమూనాలకు అడుగున రవాణా మరలు కూడా ఉంటాయి, ఎత్తే ముందు మాన్యువల్‌లో ఆ పేజీ ఒకసారి చూసుకోండి.