గడగడా చదువుతారు, అర్థం అడిగితే నేల చూపులు. సోషల్ పాఠంతో ఏమైనా చేయొచ్చా?

ప్రశ్న:
నేను హైస్కూల్లో 8వ తరగతికి సోషల్ చెప్తాను. పిల్లలు పాఠం గడగడా చదివేస్తారు, ఒత్తులు కూడా తప్పు పోవు, కానీ పుస్తకం మూయించి ఇప్పుడు ఏం చదివావురా అంటే నోట మాట రాదు. ప్రశ్నలోని పదం పాఠంలో ఎక్కడుందో వెతికి ఆ లైనూ దాని కింది లైనూ దించేస్తారు, మార్కులూ పడిపోతాయి. స్టాఫ్ రూమ్‌లో అడిగితే అది తెలుగు మాస్టారి పని అంటున్నారు. హిస్టరీతోనే చదవడం నేర్పి చూసినవాళ్లు ఉన్నారా?

జవాబు 1:
చూశానండి. ఏడాదికి నాలుగైదుసార్లు పాఠం పక్కన పెట్టి ఏదో ఒక శాసనం ముక్క తేలిక తెలుగులో రాసి ఇస్తాను, ఐదారు లైన్లే. బాగా పనికొచ్చింది చీరాల దగ్గర మోటుపల్లి రేవులో కాకతీయ రాజు గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయ శాసనం. తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల్లో సరుకంతా ముందటి రాజులు లాగేసుకునేవారు, మేం దయతో సుంకం మాత్రమే తీసుకుంటాం అని దాని సారాంశం. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, రేవులోనే ఎందుకు చెక్కించారు, ఈ మూడే అడుగుతాను. మొదట అందరూ "రాజు మంచోడు మేడమ్" అంటారు. దయ ఉంటే సుంకం మాత్రం ఎందుకు అని గిల్లితే ఒకమ్మాయి మళ్లీ చదివి, "వచ్చిన ఓడని దోచుకుంటే రెండోసారి రాదు కదా, అప్పుడు సుంకం ఎవరిస్తారు" అంది. ఆ "మళ్లీ చదివి" ఉంది చూశారూ, మనకి కావాల్సింది అదే.

జవాబు 2:
మేడమ్ చెప్పింది బాగుంది కానీ సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? నేనైతే పాఠంలోని వాక్యంతోనే సరిపెడతాను. మా పిల్లలు తడబడేది పెద్ద పదాల దగ్గర కాదు, "తర్వాత", "వల్ల", "అయినప్పటికీ" దగ్గర. పొట్టి శ్రీరాములు గారి మరణం తర్వాత ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది అని చదివి, మర్నాడే వచ్చేసింది అనుకుంటారు. బోర్డు మీద తేదీలు వేయిస్తాను: దీక్ష మొదలు 1952 అక్టోబర్ 19, మరణం డిసెంబర్ 15, పార్లమెంటులో నెహ్రూ ప్రకటన డిసెంబర్ 19, రాష్ట్రం 1953 అక్టోబర్ 1. 58 రోజులు అని బట్టీ పట్టించకుండా వాళ్లనే లెక్కపెట్టమంటాను (మొదటి రోజు వదిలేసి 57 అని గొడవ పడతారు, పడనివ్వండి). ఇప్పుడు ఆ "తర్వాత" తీసేసి "వల్ల" పెడితే వాక్యం నిజమేనా అని అడిగితే పీరియడ్ అంతా వాదించుకుంటారు.

జవాబు 3:
రెండూ సరే గానీ, పరీక్షలో మళ్లీ "కారణాలు వ్రాయుము" అనే ఇస్తే పిల్లలు మళ్లీ దించడానికే పోతారు. యూనిట్ టెస్టులోనైనా పాఠంలో లేని ఒక పేరా ఇచ్చి అడగండి. నేను ఇచ్చినప్పుడు మొదటిసారి సగం మంది తెల్లకాగితం ఇచ్చారు, తల్లిదండ్రులు వచ్చి సిలబస్‌లో లేనిది ఎందుకిచ్చారని అడిగారు కూడా.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్. నిన్న మోటుపల్లి ముక్క బోర్డు మీద రాశాను. రెండో లైన్ దగ్గరే బెల్ కొట్టేశారు, ఎందుకంటే మునిగిన ఓడలో సరుకు ఎవరిది అవుతుంది అన్న దగ్గర వెనక బెంచీ వాళ్లు ఆగిపోయారు, వాళ్లలో ఇద్దరి ఇళ్లల్లో పడవలున్నాయి. మిగతాది సోమవారం.