సిగ్నల్ చెడిపోతే ప్రమాదం జరుగుతుందా? బాబాయి మాట కరెక్టా, నాదా?

ప్రశ్న:
మా బాబాయి రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. "సిగ్నల్ చెడిపోతే ఎర్ర లైటే పడుతుంది, బండి ఆగుతుంది, ఇంక గుద్దుకునేదెక్కడ" అంటారు. మరి 2023లో ఒడిశా బాలాసోర్ ప్రమాదంలో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి పచ్చ లైటే ఉంది కదా అంటే ఒప్పుకోరు. తెలిసినవాళ్లు చెప్పండి. నెలాఖరుకి అమ్మ విశాఖ నుంచి అదే లైన్లో హౌరా వెళ్లాలి, ఆవిడకి ఒకటే టెన్షన్.

జవాబు 1:
మీ బాబాయి గారు చెప్పింది నిజమే, కానీ సగమే. కరెంటు పోయినా, వైరు తెగినా, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పడిపోయినా సిగ్నల్ ఎర్రగా మారేలాగే మొత్తం ఏర్పాటు ఉంటుంది. ఆ రకం ఫెయిల్యూర్లు తరచూ వస్తాయి, బండ్లు లేటవుతాయి, అంతే. ప్రమాదం ఎక్కువగా మనిషి చెయ్యి పడ్డప్పుడే. 2023 జూన్ 2న బాలాసోర్ జిల్లా బహనగా బజార్ స్టేషన్లో 94వ నంబరు గేటు దగ్గర కొత్త బారియర్‌కి కనెక్షన్ ఇస్తున్నారు, అక్కడ వైర్ల మీద గుర్తులు ఏళ్ల నుంచే తప్పుగా ఉన్నాయి. దాంతో పాయింటు (పట్టాలు మారే చోటు) పక్కనున్న లూప్ లైనుకి తిరిగి ఉన్నా ఇంటర్‌లాకింగ్‌కి (పట్టాలు ఎటు ఉన్నాయో చూసి సిగ్నల్ ఇచ్చే ఏర్పాటుకి) మాత్రం మెయిన్ లైనుకే ఉన్నట్టు కనబడింది, పచ్చ ఇచ్చేసింది. బండి నేరుగా వెళ్లి లూప్ లైన్లో ఆగి ఉన్న గూడ్స్‌ని గుద్దింది, దాదాపు 300 మంది పోయారు. లోకో పైలట్ చేసిన తప్పేమీ లేదు. నాకు కడుపు మండేది ఎక్కడంటే, అదే ఖరగ్‌పూర్ డివిజన్లో 2022 మేలో బాంక్రానయాబాజ్ స్టేషన్లో ఇలాంటి వైరింగ్ తప్పే బయటపడింది, అప్పుడే అన్ని చోట్లా సరిచూసి ఉంటే ఇంత ఘోరం జరిగేది కాదని సేఫ్టీ కమిషనర్ నివేదికే చెప్పింది. 1988లో లండన్ క్లాఫమ్ జంక్షన్ దగ్గర 35 మంది చనిపోయిందీ ఇలాగే, తీసేయాల్సిన పాత వైరు వదిలేస్తే అది వెళ్లి తగిలి సిగ్నల్ ఎర్రబడలేదు.

జవాబు 2:
అన్నా, ఎర్ర లైటు పడ్డాక కూడా కథ అయిపోదు. మన విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర 2023 అక్టోబర్ 29న ఆటోమేటిక్ సిగ్నళ్లు రెండు పాడై ఉన్నాయి. అలాంటప్పుడు రాత్రయితే రెండు నిమిషాలు ఆగి, తర్వాత గంటకు 10 కిలోమీటర్లు దాటకుండా వెళ్లాలి. రాయగడ పాసింజర్ అలా వెళ్లలేదని, ముందున్న పలాస పాసింజర్‌ని వెనక నుంచి గుద్దిందని ప్రాథమిక విచారణలో తేల్చారు.

జవాబు 3:
ఎప్పుడూ చనిపోయిన డ్రైవర్ మీదకే తోసేస్తారు. 2024 జూన్ 17న పశ్చిమ బెంగాల్ రంగాపానిలో కాంచన్‌జంగా ఎక్స్‌ప్రెస్‌ని వెనక నుంచి గూడ్స్ గుద్దినప్పుడూ కొన్ని గంటల్లోనే గూడ్స్ డ్రైవర్ తప్పేనన్నారు. తీరా చూస్తే పొద్దున్నుంచీ సిగ్నళ్లు పనిచేయట్లేదు, ఎర్ర సిగ్నళ్లు దాటి వెళ్లమని ఇచ్చిన కాగితమే తప్పు కాగితం, అందులో స్పీడ్ ఎంతో కూడా రాయలేదు.

ప్రశ్న అడిగినవారు:
అంటే కవచ్ (బండిని దానంతటదే ఆపే రైల్వే భద్రతా ఏర్పాటు) వస్తే ఇవన్నీ ఆగుతాయా?

జవాబు 1:
ఎర్ర సిగ్నల్ దాటబోతే కవచ్ తనే బ్రేకు వేస్తుంది, కంటకాపల్లి లాంటివి ఆగే అవకాశం బాగా ఉంది. కానీ అది కూడా ఇంటర్‌లాకింగ్ ఏం చెబితే దాన్నే నమ్ముతుంది, కాబట్టి బాలాసోర్ లాంటి వైరింగ్ తప్పుని పట్టుకుంటుందని నేను అనను. అక్కడ కావాల్సింది పని చేశాక ప్రతి వైరూ డ్రాయింగ్‌తో పోల్చి చూసి, టెస్ట్ అయ్యాకే సిగ్నల్‌ని తిరిగి అప్పజెప్పడం. బండి లేటవుతోందని స్టేషన్ మాస్టర్ తొందరపెట్టినా సరే, టెస్ట్ అవ్వకుండా ఇవ్వకూడదు.

అమ్మగారిని నిశ్చింతగా పంపండి. దారిలో బండి ఎర్ర సిగ్నల్ దగ్గర అరగంట ఆగిందని ఫోన్ చేస్తే, ఏర్పాటు సరిగ్గా పనిచేస్తోందని చెప్పండి.