గర్భిణుల షుగర్ టెస్ట్: శాంపిల్ ల్యాబ్‌కు చేరేలోపే గ్లూకోజ్ పడిపోతోంది

గర్భిణుల్లో షుగర్‌పై అధ్యయనం కోసం 24–28 వారాల మధ్య, పరగడుపున, 75 గ్రాముల గ్లూకోజ్‌తో ఓజీటీటీ (గ్లూకోజ్ తాగించి షుగర్ చూసే పరీక్ష) చేస్తున్నాం. షుగర్ ఉన్నట్టు తేల్చే కటాఫ్‌లు (mg/dL): పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153. పీహెచ్‌సీలో సెంట్రిఫ్యూజ్ (రక్తం నుంచి ప్లాస్మాను వేరుచేసే యంత్రం) లేదు, ల్యాబ్‌కు చేరడానికి మూడు గంటలు పడుతుంది.

ఒకే తల్లి నుంచి ఒకేసారి తీసిన జంట శాంపిళ్లలో, వెంటనే ప్లాస్మా వేరుచేసినది 95 చూపిస్తే మామూలు గ్రే ట్యూబ్‌లో (ఫ్లోరైడ్ ఉన్నది) వెళ్లినది 87 వచ్చింది. అంటే షుగర్ ఉన్నా లేదని ఇంటికి పంపేస్తాం. ఇది మమ్మల్ని నిలవనివ్వడం లేదు. కారణం తెలుసు: ఫ్లోరైడ్ ఆపేది ఎనోలేజ్ అనే ఎంజైమ్‌ను, అది గ్లైకాలిసిస్‌లో (కణాలు గ్లూకోజ్‌ను విడగొట్టే ప్రక్రియలో) చివరి మెట్లలో ఉంటుంది. అందుకే మొదటి గంట, రెండు గంటలు కణాలు గ్లూకోజ్‌ను తింటూనే ఉంటాయి.

రక్తం తీయగానే ట్యూబ్‌ను 8–10 సార్లు మెల్లగా తిప్పుతున్నాం, తేడా లేదు. ఐసు నీళ్లలో పెడితే కొంత మేలు, కానీ ఎండాకాలం దారిలోనే కరిగిపోతోంది. ఉత్త ఐసు తగిలిన ట్యూబుల్లో హీమోలిసిస్ (ఎర్రకణాలు పగలడం) వచ్చింది. గ్లూకోమీటర్ ఈ కటాఫ్‌ల దగ్గర పనికిరాదు. రక్తహీనత ఉంటే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది కూడా.

ఇక మిగిలింది గ్లైకాలిసిస్‌ను మొదటి మెట్లలోనే ఆపే సిట్రేట్ కలిసిన ట్యూబులు. ద్రవం ఉన్నవాటికి డైల్యూషన్ లెక్క కట్టాలి కాబట్టి పొడి రకమే చూస్తున్నాం.

పొడి సిట్రేట్ ట్యూబులను ఐసు లేకుండా 35 డిగ్రీలు దాటిన వేడిలో వాడినవారు చెప్పండి: ఎన్ని గంటల వరకు గ్లూకోజ్ నిలకడగా ఉంది?