అమ్మకి కడుపు లోపలి పొరకి (పేగుల చుట్టూ ఉండే పెరిటోనియం) క్యాన్సర్ పాకింది. పైపాక్ అనే చికిత్స గురించి తెలిసినవాళ్లు చెప్పండి

గుంటూరు అబ్బాయి: అమ్మకి 58 ఏళ్లు. జీర్ణాశయం క్యాన్సర్. సెలైన్‌లో కీమో నడుస్తోంది. కడుపులో నీరు చేరితే లాప్రోస్కోపీ (చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూడడం) చేసి, లోపలి పొర నిండా చిన్న చిన్న గడ్డలు ఉన్నాయన్నారు. పెద్ద ఆపరేషన్ చేసి వేడి కీమో పోసే హైపెక్‌కి కుదరదట, పైపాక్ చూద్దాం అంటున్నారు. రెండూ ఒకటే కాదా? తగ్గిపోతుందా?

ఓటీ సిస్టర్: ఒకటి కాదు తమ్ముడూ. హైపెక్‌లో గడ్డలన్నీ కోసి తీసేశాక వేడి మందు నీళ్లతో కడుపు లోపల కడుగుతారు. పైపాక్‌లో గడ్డలు కోసి తీసేయడం ఉండదు. రెండు చిన్న రంధ్రాలు పెట్టి, గ్యాస్‌తో కడుపు ఉబ్బించి, సెంటు స్ప్రేలా మందుని తుంపరగా కొడతారు. 12 mmHg ప్రెజర్‌లో అరగంట అలాగే ఉంచుతారు. రక్తంలోకి ఎక్కించిన మందు ఆ పొరకి సరిగా అందదు, అందుకే ఈ తంటా. జీర్ణాశయం కేసుల్లో సిస్‌ప్లాటిన్, డాక్సోరూబిసిన్ వాడతారు. సెలైన్‌లో ఇచ్చే డోసులో దాదాపు పదో వంతే. జర్మనీలో 2011లో మనుషులకి మొదలుపెట్టారు.

ఆ అరగంట ఓటీలో పేషెంటు ఒక్కరే ఉంటారు. ఆ తుంపర మేము పీల్చకూడదు కాబట్టి అందరం బయటికొచ్చేస్తాం. పంపు రిమోట్‌తో నడుస్తుంది, మత్తు డాక్టరు మానిటర్ని బయట నుంచే చూస్తుంటారు. ఒకసారి మేమంతా ఒక్కసారిగా బయటికి రావడం చూసి పేషెంటు వాళ్ల అన్నయ్య గోల చేసేశాడు, ఏదో అయిపోయిందనుకుని! మీరు టెన్షన్ పడకండి.

తగ్గిపోతుందా అన్నావు కదా. పూర్తిగా నయం చేసే చికిత్స కాదిది. గడ్డలు పెరగకుండా ఆపడానికి, నీరు తగ్గించడానికి. మామూలుగా ఆరు వారాలకోసారి, మూడు సార్లయినా అనుకుంటారు. ప్రతిసారీ ఆ పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు, మందు పనిచేస్తోందో లేదో అక్కడ తేలుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపేస్తారు. కడుపునొప్పి, వాంతులు కొంచెం ఉంటాయి.

ఖమ్మం వదిన: మా మామగారికి పాత ఆపరేషన్ వల్ల పేగులు అతుక్కుపోయి కెమెరానే లోపలికి వెళ్లలేదు. మత్తిచ్చాక ఆపేశారు. ముందే అడిగి ఉంచుకోండి, అలా ఆగిపోతే బిల్లు ఎంత వేస్తారని. స్ప్రే కొట్టే నాజిల్ ప్రతిసారీ కొత్తది వాడాలి, ఎస్టిమేట్‌లో అది కలిపారో లేదో చూడండి. ఇన్సూరెన్స్ వాళ్ల ఒప్పుకోలు కాగితం మీద తీసుకోండి, ఫోన్లో సరే అంటే నమ్మకండి.

గుంటూరు అబ్బాయి: థాంక్స్ అక్కా, వదినా. ఇది మొదలుపెడితే సెలైన్ కీమో మానేయొచ్చా? దానికే అమ్మ బాగా నీరసపడిపోతోంది.

ఓటీ సిస్టర్: మీ అంతట మీరు మానొద్దు. చాలామందికి మధ్యలో అది కూడా నడుపుతారు, రెండింటికీ ఎడం ఎంతో ఆంకాలజిస్టు చెప్తారు. అమ్మకి తిన్నది నిలవకపోయినా, గ్యాస్, విరేచనం ఆగినా వెంటనే చెప్పండి. పేగు మూసుకుపోయి ఉంటే పైపాక్ చేయరు. ఊపిరితిత్తులకో కాలేయానికో పాకిందా అన్నది కూడా చూస్తారు, స్కాన్ సీడీ తప్పకుండా తీసుకెళ్లండి.