పెళ్ళి సీడీలోని డీఏటీ ఫైల్ దేంతో తెరుచుకుంటుంది?

తెనాలి అమ్మాయి:
మా అక్క పెళ్ళి 2003లో జరిగింది. వీడియో రెండు సీడీల్లో ఉంది. సీడీ ప్లేయర్ ఎప్పుడో పాడైంది. నిన్న మొదటి సీడీని ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాను. ఎంపెగ్ఏవీ అనే ఫోల్డర్‌లో ఏవీఎస్ఈక్యూ01.డీఏటీ అని ఒకటే ఫైల్ ఉంది, 585 ఎంబీ. నొక్కితే దేంతో తెరవాలని విండోస్ నన్నే అడుగుతోంది. నెట్‌లో ఒకచోట డీఏటీ అంటే ఈమెయిల్ అటాచ్‌మెంట్ అని ఉంది. ఇంకోచోట విండోస్ సెట్టింగుల ఫైల్, ముట్టుకోవద్దు అని ఉంది. ఈమెయిల్‌వి తెరిచే సాఫ్ట్‌వేర్ కూడా వేసి చూశాను, తెరుచుకోలేదు. రెండో సీడీ అయితే సగం కాపీ అయ్యాక ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది.

మా నాయనమ్మ మాట వినిపించేది ఈ వీడియోలోనే. 2005లో పోయింది. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

గోదారి గట్టు:
కంగారు పడకండి, మీది వీసీడీ, అంటే వీడియో సీడీ. డేటా అనే మాటనే కుదించి డీఏటీ అన్నారు. ఏ ప్రోగ్రామ్ ఏం దాచుకున్నా ఆ పేరు పెట్టుకోవచ్చు. ఔట్‌లుక్ పంపే విన్‌మెయిల్.డీఏటీ వేరు, విండోస్‌లో ఉండే ఎన్‌టీయూజర్.డీఏటీ వేరు. అందుకే పేరు చివర చూసి కాదు, ఫైల్ ఎక్కడిదో చూసి పోల్చుకోవాలి. ఎంపెగ్ఏవీ ఫోల్డర్ ఉందంటే అది వీసీడీనే. ఇంకా అనుమానముంటే హెక్స్ ఎడిటర్‌లో (ఫైల్ లోపలి బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపించే ప్రోగ్రామ్) తెరవండి. మొదట ఆర్ఐఎఫ్ఎఫ్ అని, ఇంకో నాలుగు బైట్లు దాటాక సీడీఎక్స్ఏ అని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి.

వీసీడీకి నిమిషానికి సుమారు 10 ఎంబీ పడుతుంది. మీది 58 నిమిషాల వీడియో అయి ఉండాలి. వీఎల్‌సీ ప్లేయర్ తెరిచి, ఫైల్‌ని అందులోకి లాగి వదలండి.

పాత క్యాసెట్లు:
రెండో సీడీ గురించి చెప్తానమ్మా. మామూలు డేటా సీడీలో గీతలు పడ్డా సరిదిద్దుకోవడానికి అదనపు సమాచారం ఉంటుంది. వీసీడీలో ఆ చోటులో కొంత వీడియోకే వాడేశారు. అందుకే చిన్న గీత ఉన్నా కాపీ ఆగిపోతుంది. సబ్బు నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. టూత్‌పేస్ట్ మాత్రం రాయకండి. తర్వాత పాడైన సీడీల్లోంచి ఫైళ్ళు తీసే ఐసోబస్టర్ అనే సాఫ్ట్‌వేర్‌తో తీసి చూడండి. ఒక డ్రైవ్ చదవనిది ఇంకో డ్రైవ్ చదవచ్చు.

ఇంకో మాట. క్లారిటీ పెంచుతామని ఎవరైనా అంటే ఇవ్వండి గానీ, అసలు డీఏటీ ఫైల్ చెరపకండి. బొమ్మ సైజే 352 బై 288 పిక్సెళ్ళు, మళ్ళీ కన్వర్ట్ చేసిన ప్రతిసారీ ఇంకాస్త పోతుంది.

తెనాలి అమ్మాయి:
వీఎల్‌సీలో వచ్చిందండీ! సరిగ్గా 58 నిమిషాలు. అక్కకి నలుగు పెడుతూ నాయనమ్మ పాట పాడుతోంది, మధ్యలో మర్చిపోయి పిన్నిని అడుగుతోంది. అమ్మ అది నాలుగుసార్లు పెట్టించుకుంది. డీఏటీ ఫైల్‌ని రెండు పెన్‌డ్రైవుల్లో దాచాను. రెండో సీడీ కడిగాక తలంబ్రాల దాకా వచ్చి ఆగింది. రేపు బాబాయి వాళ్ళ పాత కంప్యూటర్‌లో పెట్టి చూస్తాను.