ఏడిపిస్తుంటే "పట్టించుకోకు" అని చెబితే సరిపోతుందా?

తూనీగ:
ఎనిమిదేళ్ల పిల్ల క్లాసులో పాఠం పైకి చదువుతూ ఒక మాట తప్పు పలికింది. ఆ రోజు నుంచి ఆ మాటే పేరుగా పెట్టి పిలుస్తున్నారనుకుందాం. "పట్టించుకోకు, వాళ్లే మానేస్తారు" అనడమే మేలని నా అభిప్రాయం. పెద్దవాళ్లు కలగజేసుకుంటే చాడీలు చెబుతుందన్న పేరు కూడా వస్తుంది.

పలకబలపం:
అది సగం సలహానే అండీ. ఏం చెయ్యకూడదో చెప్పారు గానీ ఆ క్షణంలో ఏం చెయ్యాలో చెప్పలేదు. పైగా ఇన్నాళ్లూ పిల్ల ఉడుక్కోవడం చూసి ఆనందించినవాళ్లు, ఆమె పలకడం మానగానే మానరు. ముందు ఇంకా రెచ్చిపోతారు. మూడో రోజు పిల్ల ఉండబట్టలేక ఏడ్చేసిందంటే, ఎంత గట్టిగా ఏడిపించాలో వాళ్లకి తెలిసిపోయినట్టే.

చిన్న జవాబొకటి నేర్పండి. "అవును, తప్పు చదివాను. అయితే ఏంటి." అంతే. ఎదురు వెక్కిరింత వద్దు, బతిమాలుకోవడమూ వద్దు. రోజూ ఐదు నిమిషాలు ఇంట్లో ఆడించాలి. మొదట పిల్ల వెక్కిరించాలి, పెద్దవాళ్లు జవాబివ్వాలి. తర్వాత పాత్రలు మార్చుకోవాలి. "ఏంటి" దగ్గర గొంతు పైకి లేస్తే బేలగా వినిపిస్తుంది, కిందికి దించి ఆపాలి. కళ్లలోకి చూడలేకపోతే కనుబొమల మధ్య చూడమనండి. అనేశాక అక్కడ నిలబడకూడదు. నడిచి ఎవరి దగ్గరికి వెళ్లాలో కూడా ముందే అనుకోవాలి. చాలామంది ఈ ఆఖరి సంగతి మర్చిపోతారు. పిల్ల జవాబిచ్చి అక్కడే బిక్కమొహం వేసుకుని నిలబడిపోతుంది.

నిదానం:
దీనికన్నా ముందు సిగ్గు సంగతి చూడాలి. 2000లో మనస్తత్వవేత్త థామస్ గిలోవిచ్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, విద్యార్థుల చేత నామోషీగా అనిపించే బొమ్మ ఉన్న టీషర్టు వేయించి గదిలోకి పంపారు. అక్కడున్నవాళ్లలో దాదాపు సగంమంది ఆ బొమ్మ గమనించి ఉంటారని వాళ్లు అనుకున్నారు. నిజంగా గమనించింది పావువంతే. అలాగని "ఎవరూ చూడలేదులే" అనకండి, పిల్ల నమ్మదు. "పోయిన వారం ఇంకెవరు తప్పు చదివారు?" అని అడగండి. గుర్తు రాదు. ఆ సంగతి తనకే తడుతుంది. కాకపోతే ఇది ఒక్కసారి జరిగినదానికే. పేరు స్థిరపడిపోయాక ఈ మాట ఊరటనివ్వదు.

తూనీగ:
సాధన సంగతి ఒప్పుకుంటున్నాను. టీచర్ దాకా వెళ్లడమే నాకింకా రుచించడం లేదు.

పలకబలపం:
ఏది వేధింపో తేల్చడానికి మనస్తత్వవేత్త డాన్ ఓల్వియస్ చెప్పిన కొలత మూడు అంశాలది: కావాలని చెయ్యడం, పదేపదే చెయ్యడం, బలాబలాల్లో తేడా. మూడూ ఉంటే అది పిల్ల ఒక్కతే మోయగలిగే బరువు కాదు. కొట్టడం, బెదిరించడం ఉంటే మూడింటి కోసం ఆగక్కర్లేదు, ఆ రోజే వెళ్లాలి.

వెళ్లేటప్పుడు "మా పిల్లని ఏడిపిస్తున్నారు" అంటే తేలిపోతుంది. ఏ రోజు, ఎక్కడ, ఏ మాట, పక్కన ఎవరున్నారు, ఇవి రాసుకెళ్లండి. సీటు మార్చమనండి, విరామంలో ఒక కన్నేసి ఉంచమనండి. అందరి ముందు తిట్టమని మాత్రం అడగొద్దు. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి సారీ చెప్పించమనీ అడగొద్దు. బలమైనవాళ్లు పైకి సారీ చెప్పి, బయట కసి తీర్చుకుంటారు.

నిదానం:
పక్కన ఎవరున్నారో రాయమన్నది చాలా ముఖ్యం. 2001లో వచ్చిన కెనడా పరిశీలనలో, తోటిపిల్లలు అడ్డుపడిన సందర్భాల్లో సగానికి పైగా పది సెకన్లలోపే వేధింపు ఆగిపోయింది. ఆ పక్కనున్నవాళ్లలో నవ్వకుండా ఊరుకున్నది ఎవరో కనుక్కోండి. పిల్ల పక్కన ఆ అమ్మాయినే కూర్చోబెట్టమని టీచర్‌ని అడగండి.