చెల్లో మంద్ర స్వరాల దగ్గర వెలుగు ఎందుకు వెనకబడుతోంది?

ప్రశ్న:
మిత్రులకు నమస్కారం. ఒకే ఒక్క చెల్లో, దాని ధ్వనిని అప్పటికప్పుడు మార్చి ప్రేక్షకుల చుట్టూ ఉన్న స్పీకర్లలో వినిపించే కంప్యూటర్, ఆ ధ్వనికి స్పందించే ఎల్‌ఈడీ దీపాలు: వీటితో నలభై నిమిషాల ప్రదర్శన సిద్ధం చేస్తున్నాను. మైకు సంకేతాన్ని ప్యూర్ డేటా అనే సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించి, శ్రుతిని బట్టి రంగునూ, బిగ్గరతనాన్ని బట్టి కాంతినీ నిర్ణయించి దీపాలను నియంత్రించే డీఎంఎక్స్ లైను ద్వారా పంపుతున్నాను. మంద్ర స్వరాల దగ్గర వెలుగు స్పష్టంగా వెనకబడుతోంది. పైగా వాయించడం ఆపినా, స్పీకర్ల ధ్వని మైకులోకి వచ్చి దీపాలు కదులుతూనే ఉంటున్నాయి. కంప్యూటర్ ధ్వనిని కొంచెం కొంచెంగా పోగుచేసుకునే బఫర్‌ను తగ్గించినా ప్రయోజనం లేదు.

సమాధానం 1:
లోపం బఫర్‌లో లేదు. ధ్వని నుంచి సెకనుకు 48,000 శాంపిళ్లు తీసుకుంటుంటే, 256 శాంపిళ్ల బఫర్ అంటే 5 మిల్లీసెకన్ల పైచిలుకే. చెల్లో అట్టడుగు తీగ సుమారు 65 హెర్ట్జ్ వద్ద పలుకుతుంది కనుక ఒక్కో కంపనానికి 15 మిల్లీసెకన్లు పడుతుంది. శ్రుతిని నమ్మకంగా పట్టుకోవాలంటే మామూలుగా రెండు కంపనాలైనా వినాలి కాబట్టి, ఎంత వేగమైన కంప్యూటరైనా ఆ 30 మిల్లీసెకన్లు ఆగవలసిందే. 512 ఛానెళ్లనూ పంపే డీఎంఎక్స్ లైను సెకనుకు 44 సార్లకు మించి తాజా కాదు కనుక అక్కడ మరికొంత చేరుతుంది. అందుచేత కాంతిని బిగ్గరతనంతోనే వెంటనే లేపి, శ్రుతి తేలాక రంగును మెల్లగా మార్చండి. విశ్లేషణకు మాత్రం తీగలను మోసే బ్రిడ్జికి, దాని కంపనాలను నేరుగా గ్రహించే పిజో మైకు అంటించి వాడితే స్పీకర్ల బెడద చాలావరకు తగ్గుతుంది.

సమాధానం 2:
ఆలస్యం కన్నా పెద్ద చిక్కు, ప్రతి స్వరానికీ రంగు మార్చాలనుకోవడంలోనే ఉందని నా అభిప్రాయం. ఆ సూత్రం ప్రేక్షకులకు కొద్ది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. ఆ తర్వాత వారు చూసేది ధ్వనిమీటరునే. రష్యన్ స్వరకర్త స్క్రియాబిన్ 1910 నాటి ‘ప్రొమీథియస్’లో వెలుగుకు ప్రత్యేకంగా స్వరలిపి రాస్తూ రెండు వరుసలు పెట్టాడు: ఒకటి హార్మనీతో పాటు మారుతుంది, రెండోది చాలాసేపటికొకసారి మాత్రమే కదులుతుంది. మీకు కావలసింది ఆ రెండో వరుస. శ్రుతికి బదులు ధ్వని వన్నెను తీసుకోండి: విల్లును బ్రిడ్జికి దగ్గరగా నడిపినప్పుడు అసలు స్వరంతో పాటు పలికే పై అనుస్వరాలు పెరుగుతాయి, వేలిపలక వైపు జరిపితే ధ్వని మెత్తబడుతుంది. ఈ మార్పును తెలుపు కాంతి వెచ్చదనానికి ముడిపెడితే, వాదకుని చేయి ఏం చేస్తోందో చెవితో పాటు కన్నుకూ అందుతుంది. వాయిద్యం ఆగినప్పుడు దీపం ఆరాలా, నిలవాలా అన్నది మాత్రం సాఫ్ట్‌వేర్‌కు వదలకండి.

సమాధానం 3:
ఒక జాగ్రత్త. విల్లును వేగంగా అటూ ఇటూ ఆడిస్తూ ట్రెమొలో వాయించినప్పుడు ప్రతి విల్లు కదలికకూ దీపం వెలిగితే అది స్ట్రోబ్ అవుతుంది. ఫోటోసెన్సిటివ్ ఎపిలెప్సీ ఉన్నవారికి అది ప్రమాదకరం. సెకనుకు మూడు మెరుపులకు మించకుండా మీ ప్యూర్ డేటా ప్రోగ్రాములోనే హద్దు పెట్టండి. ఫిలమెంటు బల్బులు ఆరడానికి కొంత సమయం తీసుకునేవి, ఎల్‌ఈడీకి ఆ జాప్యం లేదు కనుక తగ్గుదలను మీరే నెమ్మదింపజేయాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. భాగం మారడాన్ని స్కోర్ ఫాలోయింగ్‌కు, అంటే వాయించేదాన్ని కంప్యూటరే స్వరలిపితో పోల్చుకుంటూ అనుసరించే పద్ధతికి, అప్పగించవచ్చా? సగం వరకు మనోధర్మమే.

సమాధానం 2:
రాసిన భాగాలకు అప్పగించవచ్చు. ఫ్రెంచ్ స్వరకర్త మనూరీ 1987లో వేణువుకు రాసిన ‘జుపిటర్’లో కంప్యూటర్ స్వరలిపిని అనుసరిస్తూనే సాగుతుంది. మనోధర్మంలో అనుసరించడానికి లిపే ఉండదు కాబట్టి, అక్కడ ఎడమ కాలి కింద ఒక పెడల్ చాలు.